పిడి చెప్పేది ఊరు, అలుగు చెప్పేది రకం: ఫిలిప్పీన్స్ కత్తుల్ని గుర్తుపట్టడం

ఫిలిప్పీన్స్ కత్తుల విషయంలో వచ్చే తికమకలో సగం పేర్లదే. సెబూ దీవిలో సుందాంగ్ అంటే కొబ్బరికాయ కొట్టడానికీ కంచె నరకడానికీ వాడే మామూలు కత్తి. దక్షిణాన మగిందనావో తెగవాళ్ళ దగ్గరా, మలయా వైపూ అదే మాట వంపుల క్రిస్ ఖడ్గానికి పేరు. ఇంట్లో, పొలంలో వాడే కత్తిని టగలోగులో ఇతాక్ అంటారు, ఇలోకానోలో బునెంగ్, హిలిగయ్నోన్‌లో బినాంగోన్. బయటివాళ్ళు వీటన్నిటికీ కలిపి బోలో అన్నారు. కత్తిపీట, కొడవలి, వేటకొడవలి మూడింటికీ "కత్తి" అని ఒకే చీటీ అంటించి అద్దాల బీరువాలో పెడితే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

చీటీల గొడవకు చరిత్రలో ఒక కారణం ఉంది. 1898 తర్వాత దీవులు అమెరికా చేతికి వెళ్ళాయి. మిందనావో, సులు ప్రాంతాల ముస్లింలతో 1913 దాకా పోరు నడిచింది. స్పానిష్‌వాళ్ళు వాళ్ళకు పెట్టిన పేరు మోరో. ఆ కాలంలో సైనికులు గుర్తుగా ఇంటికి పట్టుకెళ్ళిన కత్తులు వేలల్లో ఉన్నాయి. మోరోలవి కాని లెయ్తే దీవిలో దొరికినదైనా, లూజోన్‌లో కొన్నదైనా, అటకమీద పెట్టె తెరిచిన మనవడి నోట అది "మోరో కత్తి"యే. వేలంపాటల్లో ఈ రోజుకీ కనిపించే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ అలవాటు నుంచి వచ్చినవే. అందుకని పేరును చివరికి వదిలేయాలి. ముందు వస్తువును చదవాలి.

చదవడానికి కొన్ని మాటలు అనుకుందాం. కత్తిలో ఇనుప భాగం అలుగు. దాని పదును అంచు వాదర, దానికి ఎదురుగా ఉండే మందపాటి అంచు వెన్ను. పిడిలోకి దిగే ఇనుప ములుకు కాడ. పిడి మొదట్లో బిగించే లోహపు కట్టు పొన్ను, రోకలికి వేసే పొన్ను లాంటిదే. పిడి చివర చెక్కిన భాగం పిడి తల.

ముందు పిడి ఎందుకు

కొత్తవాళ్ళు అలుగు ఆకారం చూసి పేరు చెప్పేస్తారు. అది తలకిందుల పద్ధతి. అలుగు ఆకారం పనినిబట్టి వస్తుంది. వెడల్పాటి పొట్ట, బరువైన మొన ఉంటే నరకడం సులువని ఏ దీవిలో కమ్మరికైనా తెలుసు. కాబట్టి ఒకే ఆకారం మూడు చోట్ల వేర్వేరుగా పుట్టొచ్చు. పిడి తల అలా పుట్టదు. దాన్ని చెక్కేవాడు తన ఊళ్ళో చూసిన రూపాన్నే చెక్కుతాడు. అందుకని ఏ ప్రాంతమో పిడి నుంచి, పొన్ను నుంచి, వాదర తీసిన తీరు నుంచి రాబట్టాలి. ఆ ప్రాంతం లోపల ఏ రకమో అలుగు చెబుతుంది.

స్థూలంగా మూడు ముక్కలు. ఉత్తరాన లూజోన్, మధ్యలో విసయాస్ దీవులు, దక్షిణాన మిందనావో, సులు. దక్షిణంలో మళ్ళీ ముస్లిం సమూహాల పని వేరు, కొండల్లోని లుమాద్ తెగల పని వేరు. మిందనావోలో ట్‌బోలీల కత్తికి పోత ఇత్తడి పిడి, దానికి వేలాడే చిరుగంటలు ఉంటాయి. మండాయాల బలరావ్ బాకు పిడి చంద్రవంక కొమ్ముల్లా రెండుగా చీలుతుంది. వీటిని చూసి మోరో అనడం పెద్ద పొరపాటు.

విసయాస్: ఉలి పదును

పనాయ్, నీగ్రోస్, లెయ్తే, సమర్ దీవుల కత్తుల్ని పట్టిచ్చే పెద్ద గుర్తు పదును. వాదర రెండు వైపులా వాలుగా ఉండదు. వడ్రంగి ఉలికి ఉన్నట్టే ఒక వైపు పూర్తిగా చదును, రెండోవైపే వాలు. కుడిచేతివాటం మనిషికి చేసిన కత్తిలో, పిడి పట్టుకుని వాదర కిందికి ఉంచి చూస్తే, వాలు సాధారణంగా కుడివైపు ఉంటుంది. ఎడమవైపు ఉంటే ఎడమచేతి మనిషి చేయించుకున్నాడని అనుకోవచ్చు.

కళ్ళతో చూస్తే మోసపోతాం కాబట్టి ఒక చిన్న పరీక్ష. ఆరంగుళాల ఉక్కు స్కేలు తీసుకుని దాని అంచును వెన్ను నుంచి వాదర దాకా అలుగుకు అడ్డంగా ఆనించాలి. కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకోవాలి. ఉలి పదును ఉన్న కత్తికి ఒక వైపు స్కేలు కింద వెలుగు దాదాపు రాదు. రెండోవైపు మధ్యలో ఎక్కడో స్కేలు ఎత్తుగా ఆగి, వాదర వైపు వెలుగు కనిపిస్తుంది. ఈ పని పిడి దగ్గర, మధ్యలో, మొనకు కొంచెం ఇవతల, మూడు చోట్లా చేయాలి.

మూడు చోట్ల ఎందుకంటే, తర్వాతి యజమానులు గ్రైండర్ మీద రెండువైపులా సానపట్టేసిన కత్తులు చాలా ఉన్నాయి. మధ్యలో చూస్తే మామూలు రెండు వాలుల కత్తిలా కనిపిస్తుంది. పొన్నుకు ఆనుకుని ఉన్న రెండు మూడు సెంటీమీటర్ల దాకా సానచక్రం చేరదు. అసలు కమ్మరి తీసిన వాలు అక్కడే మిగులుతుంది. మధ్యభాగం ఒకటి చెప్పి మొదలు ఇంకొకటి చెబితే మొదలునే నమ్మాలి.

ఇలా ఒక వైపే ఎందుకు తీస్తారు? ఆకురాయి పని సగం తగ్గుతుంది. పొలంలో సాన తిరగవేయడం కూడా ఒక్క వైపే. ఏటవాలుగా వేసే దెబ్బకు కత్తి బాగా లోపలికి దిగుతుంది. నష్టం ఒకటుంది. నరికేటప్పుడు దారి చదును వైపుకు లాగుతుంది. ఎడమచేతి మనిషికి కుడి కత్తి ఇస్తే దెబ్బ గురి తప్పడానికి కారణం ఇదే. లూజోన్ దక్షిణ భాగంలోనూ ఉలి పదును అక్కడక్కడా కనిపిస్తుంది, విసయాస్‌లో రెండు వాలులవీ ఉన్నాయి. కాబట్టి ఇది గట్టి సాక్ష్యమే కానీ తీర్పు కాదు. పిడి కూడా ఒప్పుకోవాలి.

విసయాస్ పిడి కొమ్ముతోనో గట్టి కర్రతోనో ఉంటుంది, చివర బాగా కిందికి వంగుతుంది. పనాయ్ దీవిలో పిడి తలను ముఖంలానో, నోరు తెరిచిన జంతువులానో చెక్కడం ఉంది. చంద్రుణ్ణి మింగే సర్పం బకునావా అక్కడి నమ్మకాల్లో ఉంది కాబట్టి నోరు తెరిచిన ప్రతి తలనూ బకునావా అనేస్తుంటారు. అమ్మేవాడు ఆ మాట ఎంత గట్టిగా అంటే అంత అనుమానించడం మేలు. చెక్కినవాడు ఏమనుకున్నాడో పిడి మీద రాసి ఉండదు.

ప్రాంతం తేలాక అలుగు. వెన్ను వంపు తిరిగి, వాదర వైపు పొట్ట దిగి, మొన సూదిగా తేలితే తాలిబోంగ్ తరహా. సమర్, లెయ్తేలో ఆ కుటుంబానికే గరబ్ అని పేరు. 1900ల తొలి ఏళ్ళలో అక్కడ పులహాన్లు అనే తిరుగుబాటుదళాలు అమెరికా పాలన మీద తిరగబడినప్పుడు వాళ్ళ చేతిలో ఉన్నవి ఇవే. వాదర నేరుగా వెళ్ళి, వెన్ను మొన దగ్గర కిందికి దిగి వాదరను కలిస్తే పనాయ్ గినుంతింగ్. గుంతింగ్ అంటే కత్తెర, కత్తెర రెక్కలా ఉంటుందని ఆ పేరు. పినుతి అన్నది సెబూ వైపు సన్నటి పొడుగు కత్తి. పుతి అంటే తెలుపు. సానపట్టిన వాదర తెల్లగా మెరుస్తుందని అలా పిలిచారు.

క్రిస్: ఒక గీత చుట్టూ వయసు

దక్షిణాది కత్తుల్లో జనం ముందు చూసేది క్రిస్ వంపుల్నే. వయసు కట్టడానికి పనికొచ్చేది మాత్రం వంపులు కాదు. పూర్తిగా వంపులున్నవి, సగం వంపులై మొన దాకా నేరుగా సాగినవి, అసలు వంపే లేనివి, మూడూ అన్ని కాలాల్లోనూ చేశారు. ఎన్ని వంపులు లెక్కపెట్టినా ఊరు తెలియదు.

జావా కెరిస్‌తో దీన్ని కలపకూడదు. కెరిస్ పొడవడానికి చేసిన బాకు. మోరో క్రిస్ రెండువైపులా పదునున్న ఖడ్గం, అలుగే సాధారణంగా 45 నుంచి 60 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, నరకడం దాని పని. కెరిస్ కాడ గుండ్రంగా ఉంటుంది. క్రిస్ కాడ పలకలుగా ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు పిడిలో అలుగు తిరిగిపోకుండా ఉండాలి కదా.

చూడవలసిన చోటు అలుగు మొదలు. అక్కడ వెడల్పాటి అడ్డ పట్టీ ఉంటుంది, దాని పేరు గాంగ్యా. ఒక కొసన ఏనుగు తొండంలా చెక్కిన భాగం, రెండో కొస సూదిగా ఉంటుంది. పాత కత్తుల్లో ఈ గాంగ్యా విడి ముక్క. అలుగు మీద పొదిగి కాడ ద్వారా బిగిస్తారు. రెండూ కలిసే గీత బాగా పాతవాటిలో నేరుగా అడ్డంగా సాగుతుంది. 19వ శతాబ్దపువాటిలో ఆ గీత కొస దగ్గర ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో మలుపు తిరగడం ఎక్కువ. 20వ శతాబ్దం నడిచేకొద్దీ విడి ముక్క మానేసి అంతా ఒకే ఇనుముతో కొట్టి, అలవాటుకొద్దీ గీతను మాత్రం పైన చెక్కారు. చివరికి గీత కూడా పోయింది.

చెక్కిన గీతనూ నిజమైన అతుకునూ విడదీయడం మీదే వయసు ఆధారపడుతుంది. పది రెట్లు పెద్దది చేసే భూతద్దం పెట్టుకుని గీతను ముఖం మీద కాకుండా అంచు మీద వెతకాలి. నిజమైన అతుకు అలుగు మందంలోంచి అవతలి ముఖానికి వెళ్తుంది. చెక్కిన గీత అంచు దగ్గరే ఆగిపోతుంది. నిజమైన అతుకులో తుప్పు సన్నటి దారంలా లోపలికి దిగి ఉంటుంది, రెండు ముక్కల ఉక్కు రంగుల్లో కొంచెం తేడా ఉండొచ్చు. ఒక చిక్కుంది. శుభ్రం చేశామంటూ నునుపు చేసిన కత్తుల్లో అతుకు కనబడకుండా పూడిపోతుంది. అలాంటప్పుడు వయసు చెప్పకుండా వదిలేయడమే నిజాయితీ.

గాంగ్యాను పిడికి బిగించే లోహపు పట్టీలు అసాంగ్-అసాంగ్. ఒకటో రెండో ఉంటాయి. రాగి, ఇత్తడి, వెండి, అరుదుగా బంగారం కలిసిన రాగి మిశ్రమం స్వాసా. రెండు పట్టీల కోసం గాంగ్యా మీద చోటు ఉండి ఒక్కటే మిగిలితే, పిడి ఒకసారి ఊడి మళ్ళీ బిగించారని అర్థం. పిడి తల చాలావాటిలో కాకటూ పక్షి తలలా జుట్టు, ముక్కు తేలి ఉంటుంది, కకతువా అంటారు. పెద్దమనుషుల కత్తులకు ఏనుగు దంతంతో చేసేవారు.

బారోంగ్ ఇంటివాళ్ళు, కంపిలాన్

సులు, బసిలాన్ దీవుల్లో తౌసుగ్, సమా, యాకాన్ సమూహాల కత్తి బారోంగ్. ఆకు ఆకారం, ఒక్కవైపే వాదర, అలుగు ఎక్కువగా 35 నుంచి 45 సెంటీమీటర్లు. వెన్ను మొదట్లో చాలా మందం, మొనకు వెళ్ళేకొద్దీ పలచన. అడ్డంగా కోస్తే ఎలా ఉంటుందంటే, వాలు ఒక గీత దగ్గర మొదలవదు, వెన్ను నుంచి వాదర దాకా చేప పొట్టలా గుండ్రంగా జారుతుంది. పాతదా కాదా అని తేల్చేటప్పుడు ఈ జారుడు చూడాలి. కొత్తగా అమ్మకానికి చేసినవి చదునైన రేకును అంచున మాత్రం సానపట్టినట్టుంటాయి, చేతిలో బరువు ఎక్కడుందో తెలియదు. పాతదాన్ని పట్టుకుంటే బరువు ముందుకు లాగుతుంది కానీ మొన దగ్గర బండగా అనిపించదు.

ఇక్కడే పిడి సూత్రానికి హద్దు కనిపిస్తుంది. బారోంగ్ పిడే కాకటూ తలతో, పొడుగాటి వెండి పొన్నుతో, నార అల్లికతో బాంగ్‌కుంగ్ కత్తికీ ఉంటుంది. పిడి చూసి సులు అని చెప్పగలం, అంతే. రకం తేల్చేది అలుగు. బాంగ్‌కుంగ్ వెన్ను నేరుగా వెళ్తుంది, వెడల్పు మొనవైపు పెరుగుతుంది. యాకాన్‌ల పిరాకు మాత్రం పిడే గుర్తు. పాతవాటిలో కొమ్ముతో చేసిన పిడి తల వెనక్కి చాలా పొడుగ్గా సాగుతుంది.

కంపిలాన్‌ను చూసి ఇంకొకటని పొరబడటం కష్టం. మొత్తం పొడవు సుమారు 90 నుంచి 100 సెంటీమీటర్లు, మొదట్లో సన్నం, మొనవైపు వెడల్పు, మొన కొస మీద చిన్న ముల్లు. పిడి తల నోరు తెరిచినట్టు రెండుగా చీలుతుంది. అది మొసలా, నాగమా అన్నది చర్చే. మిందనావోలోని మరనావో తెగవాళ్ళ చెక్కడంలో "నాగ" అనే పేరుతోనే ఒక నమూనా ఉంది, మాట ఎక్కడి నుంచి వెళ్ళిందో మనకు చెప్పక్కర్లేదు. ఒరను రెండు చెక్కలుగా చేసి నారతో కట్టేవారు. తీయడానికి తీరిక లేకపోతే ఒరతోనే నరికితే కట్లు తెగి కత్తి బయటపడుతుందని చెబుతారు. 1521 ఏప్రిల్ 27న సెబూ పక్కనున్న మాక్తాన్ దీవిలో నావికుడు మాజెల్లాన్ కాలికి తగిలింది కంపిలానే అని చాలాచోట్ల ఖాయంగా రాసేస్తుంటారు. ఆ యాత్ర వెంట ఉండి వివరాలు రాసిన పిగఫెత్తా రాసింది మాత్రం పెద్ద వంపుకత్తి లాంటిదని. ఆ పేరు అంటించింది తర్వాతి వాళ్ళు.

దవావోలో వైద్యం చదువుకునే మన పిల్లలకు దుకాణాల్లో కనిపించే కంపిలాన్లు దాదాపు అన్నీ గోడకు తగిలించుకునేవి. పలచటి రేకు, మెత్తటి కర్ర పిడి. గుర్తుగా కొనుక్కోవచ్చు, పాతదన్న ధరకు కాదు.

పనబాస్ గురించి ఒక్క ముక్క. మన వేటకత్తిని పొడుగు కర్ర పిడికి బిగించి ముందుకు వంచితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మగిందనావో, మరనావోలది. రెండు చేతుల ఆయుధం.

లూజోన్

ఇక్కడ స్పెయిన్ నీడ పిడి మీదే పడింది. వేళ్ళను కాపాడే అడ్డు ఇంగ్లిషు "ఎస్" ఆకారంలోనో "డి" ఆకారంలోనో ఉంటే ముందు లూజోన్ అనుకోవాలి. దున్నపోతు కొమ్ముతో పిడి, దానిమీద పక్షి, గుర్రం, కుక్క తలలు మామూలే. వాదర రెండువైపులా తీస్తారు. వెన్ను మీద పిడికి దగ్గరగా ఆకురాయితో తీసిన గాట్లు కూడా ఈ వైపు ఎక్కువ. బతంగాస్‌లో వరి ఆకులా సన్నగా ఉండేదాన్ని దహోంగ్ పలాయ్ అంటారు, ఆ మాటకు అర్థమే వరి ఆకు. పిడి లోపలికి మడిచే బలిసోంగ్ చాకు కూడా ఆ బతంగాస్‌దే. ఉత్తర కొండల్లో కలింగా, బొంతోక్‌ల గొడ్డళ్ళు వేరే కథ, అవి కత్తుల లెక్కలోకి రావు.

లోహం చెప్పే తేదీలు

రెండో ప్రపంచయుద్ధం తర్వాత కమ్మరి కొలిమిలోకి వచ్చిన ఉక్కు జీపుల, లారీల కమాన్ పట్టాలది. మంచి ఉక్కే, తక్కువేమీ కాదు. కానీ అలుగు మందం ఈ కొస నుంచి ఆ కొస దాకా దాదాపు ఒకేలా ఉంటే కమాన్ పట్టాను పెద్దగా సాగగొట్టకుండా కోసి చేశారని అనుమానించాలి. పొన్ను అల్యూమినియంతో ఉంటే 1940ల కంటే పాతదని ఒప్పుకోవడం కష్టం. అయినా పాత అలుగుకు కొత్త పొన్ను వేయొచ్చు కాబట్టి ఆ తేదీ పొన్నుకే, కత్తికి కాదు. అలుగు మీద ఊరి పేరు, 1945 అని చెక్కి ఉంటే అది అమెరికన్ సైనికుడికి అమ్మడానికి చెక్కించింది. కత్తి అప్పుడే చేసిందా, పాతదాని మీద చెక్కారా అన్నది వేరుగా చూడాలి. చెక్కిన గాట్ల లోపల తుప్పు రంగు, బయట తుప్పు రంగు ఒకటేనా అని భూతద్దంతో పోల్చితే తెలుస్తుంది.

పాత మోరో అలుగులు పొరలు పొరలుగా కొట్టినవి. పొరలు చూడాలంటే ఇసుక కాగితం పట్టుకోకూడదు. అసిటోన్‌తో నూనె తుడిచి, గోరువెచ్చటి వెనిగర్‌ను దూదితో రెండు అంగుళాల మేర మాత్రమే రాసి, నిమిషం ఆగి, తుడిచి చూడాలి. గీతలు తేలకపోతే మరోసారి. ఆపైన వంటసోడా కలిపిన నీళ్ళతో తుడిచి, బాగా ఆరబెట్టి, పలచగా నూనె పూయాలి. సోడా మరిచిపోతే మర్నాటికే నారింజ రంగు తుప్పు లేస్తుంది. కత్తినంతా వెనిగర్‌లో ముంచితే పొన్ను కిందికి ఆమ్లం దిగి కాడను తింటుంది, అది బయటికి కనబడదు.

పిడి కదులుతుంటే ఎపాక్సీ జిగురు పోయకండి. కాడను పట్టి ఉంచేది గుగ్గిలం లాంటి చెట్టు బంక. వేడికి మెత్తబడి మళ్ళీ గట్టిపడుతుంది, తర్వాతి మరమ్మతుకు దారి ఉంచుతుంది. ఎపాక్సీ ఆ దారి మూసేస్తుంది. పైగా పిడీ అలుగూ ఒకే కాలానివా అని చెప్పే సాక్ష్యం కూడా దానికింద పోతుంది. పాత బంక నల్లగా, పగుళ్ళతో, పొన్ను అంచు దాకా నిండి ఉంటుంది. పొన్నుకూ అలుగుకూ మధ్య ఖాళీని పుల్లలతోనో రేకు ముక్కతోనో పూడ్చి ఉంటే ఆ పిడి వేరే కత్తిది.

దంతం పిడి ఉన్నది విదేశం నుంచి తెప్పించుకోవాలనుకునేవారికి ఒక మాట. ఏనుగు దంతం కొనడం, దిగుమతి చేసుకోవడం వన్యప్రాణి చట్టాల కింద ఇరికిస్తుంది. "పురాతన వస్తువు" అన్న మాట దగ్గర కస్టమ్స్ ఆగదు.

అన్నీ చూశాక చీటీ రాసేటప్పుడు ఒక్కో భాగానికీ ఒక్కో వాక్యం ఉండాలి, తెలిసింది తెలిసినంతే. ఉదాహరణకు ఇలా: "విసయాస్, బహుశా పనాయ్. తాలిబోంగ్ తరహా అలుగు, 44 సెం.మీ., వెన్ను మందం మొదట్లో 7 మి.మీ., మధ్యలో 5, మొనకు 5 సెం.మీ. ఇవతల 3. ఉలి పదును, వాలు కుడివైపు, మధ్యభాగం తర్వాత రెండోవైపూ సానపట్టారు. కొమ్ము పిడి, ఇత్తడి పొన్ను, బంక పాతది. ఒర ఈ కత్తిది కాదు, లోపల రెండు వేళ్ళ ఖాళీ."